బాపు చిల్లర డబ్బా, నా కెమెరా

పోయిన వారం నేను పెట్టిన చార్మినార్ రూపాయి ఫోటో చూసి ఇన్‌బాక్స్‌లో చాలామంది ఒకటే ప్రశ్న అడిగారు. "అన్నా, కెమెరా ఏది? ఎంతకి కొన్నవ్?" అని. ఒక్కొక్కరికి విడివిడిగా రాసే ఓపిక లేదు. ఇవాళ నాకు ఆఫ్. అందుకే అంతా ఒక్కచోట రాస్తున్నా. పోస్ట్ పెద్దదే. బ్రేక్‌లోనో, ట్రైన్‌లోనో తీరిగ్గా చదవండి. నాణేల ఫోటోలకి ఏ కెమెరా కొనాలి, ఏది కొనొద్దు అన్నది నేను డబ్బులు పోగొట్టుకోకుండా ఎలా నేర్చుకున్నానో మొత్తం చెప్తా. కానీ కెమెరా కంటే ముందు చెయ్యాల్సిన పని ఒకటి ఉంది. అది నాకు ఆలస్యంగా తెలిసింది.

కొత్తగా చదివేవాళ్ళకి నా గురించి రెండు ముక్కలు. మాది జగిత్యాల దగ్గర పల్లె. అక్క వేసిన పిటిషన్ మీద ఏళ్ళకేళ్ళు ఎదురుచూసి 2016లో వచ్చాం. అప్పటి నుంచి ఐసెలిన్‌లోనే. రూట్ 27 మీద గ్యాస్ స్టేషన్‌లో పని. న్యూజెర్సీలో ఎవరి కారులో వాళ్ళు గ్యాస్ కొట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు, 1949 నుంచి అంతే. ఆ చట్టం పుణ్యమా అని నాలాంటోళ్ళకి చలిలో నిలబడే ఉద్యోగం ఉంది. షిఫ్ట్ మొత్తం జేబులో నోట్లు, చేతిలో చిల్లర.

బాపు బతుకు కూడా చిల్లరతోనే గడిచింది. ఆర్టీసీ కండక్టర్. మీలో చాలామందికి గుర్తుండే ఉంటది. చిల్లర లేకపోతే కండక్టర్ టికెట్ వెనక మిగతా ఎంతో రాసిచ్చేవాడు, దిగేటప్పుడు అడిగి తీసుకోవాలి. మరిచిపోతే పోయినట్టే. బాపు మాత్రం మరిచిపోయినోళ్ళని పేరు పెట్టి పిలిచి మరీ ఇచ్చేవాడు.

ఊళ్ళల్లో ముసలవ్వలు కొంగుముడి విప్పి ఇచ్చే పైసల్లో అప్పుడప్పుడు నడవనివి వచ్చేవి. నిజాం కాలం నాటి హాలీ సిక్కా, నడుమ చిల్లు ఉన్న పైస, జార్జి రాజు బొమ్మ ఉన్న అణా. ఇంకెవరైనా అయితే "ఇది నడవదు అవ్వా" అని తిరిగి చేతిలో పెడతారు. బాపు తన జేబులోంచి పైసలు సంచిలో వేసి, ఆ బిళ్ళ తాను ఉంచుకునేవాడు. బస్సులో కింద పడ్డ టికెట్ ఒకటి ఏరి, దాని వెనక తారీఖు, రూటు రాసి, బిళ్ళని అందులో చుట్టేవాడు. ఇంటికొచ్చి రేకు డబ్బాలో వేసేవాడు. "జీతం జానెడు, షోకు బారెడు" అని అవ్వ తిట్టేది. ఆయన నవ్వేవాడు, అంతే.

బాపు పోయిన ఏడాది పోయాడు. ఆఖరి చూపుకి నేను అందలేదు. వీడియో కాల్‌లో చూశాను. ఈ మాట ఇక్కడ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

సంవత్సరికానికి మూడు వారాల సెలవు అడిగి పెట్టుకున్నా. వెళ్ళడానికి ఇంకా రెండున్నర నెలలు ఉందనగా తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, బాపు డబ్బా ఏం జేద్దామే? కరీంనగర్ల ఒకాయన మొత్తం కొంటనంటుండు. లేదంటే నువ్వే తీస్కపో." వాడిని తప్పు పట్టలేను. వాడికి అప్పుంది, అవ్వని చూసుకునేది కూడా వాడే.

కానీ తీసుకురావడం కుదరదు. మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువు కిందకి వస్తుంది. సొంత ఇంటిదైనా సరే, దేశం దాటించకూడదు. డబ్బాలో అలాంటివి చాలా ఉన్నాయి. సూట్‌కేసులో పచ్చళ్ళ మధ్య పెట్టుకొస్తే ఎవరు చూస్తారు అని సలహా ఇచ్చినోళ్ళు ఉన్నారు. వద్దు. పదిహేనేళ్ళు ఎదురుచూసి తెచ్చుకున్న కార్డుతో, బాపు పేరుతో ఆ పని చెయ్యలేను.

అయితే ఫోటోలు తీద్దాం, అమ్మినా మన దగ్గర బొమ్మ ఉంటది అనుకున్నా. తమ్ముడు ఫోన్‌తో తీసి పంపిన ఫోటోలు చూస్తే ట్యూబ్‌లైట్ మెరుపు, కింద ఫోన్ నీడ, నడుమ ఒక తెల్లటి మచ్చ. చార్మినార్ ఉందో, చాయ్ కప్పు ఉందో తెలియడం లేదు. అట్లా మొదలైంది నా కెమెరా వేట.

మొదట అందరూ చేసే పనే చేశా. సేల్ ఉందని ఒక పెద్ద షాపుకి వెళ్ళి, ఎక్కువ మెగాపిక్సెల్స్ ఏవని అడిగి, రెండు లెన్సుల కిట్ తెచ్చా. పన్నులతో కలిపి ఎనిమిది వందల డాలర్లు దాటింది. కిచెన్ టేబుల్ మీద క్వార్టర్ పెట్టి తీశా. పొడుగు జూమ్ లెన్స్ దగ్గరి వస్తువుకి పనికే రాలేదు, నాలుగైదు అడుగుల దూరం జరిగితే గానీ ఫోకస్ కాదు. చిన్న లెన్స్ పర్వాలేదు. రూపాయంత బిళ్ళ కొంచెం బాగానే వచ్చింది. చిన్నదానికి వచ్చేసరికి ఫ్రేమ్‌లో టేబులే ఎక్కువ, నాణెం తక్కువ.

మాకు తెలిసిన గుంటూరు అన్న ఒకాయన ఉన్నాడు. వారమంతా వేర్‌హౌస్‌లో పని, శని ఆదివారాలు ఎడిసన్‌లో పెళ్ళిళ్ళకి, ఓణీ ఫంక్షన్లకి ఫోటోలు తీస్తాడు. ఆయనకి డబ్బా చూపించా. పడీపడీ నవ్వాడు. "ఏవయ్యా, నాణెం పరిగెత్తుద్దా? కళ్ళు మూసుద్దా? నీకు స్పీడెందుకు, జూమెందుకు? రసీదు ఉంటే రేపే తిరిగిచ్చెయ్యి" అన్నాడు. ఇచ్చేశా. ఆ తర్వాత ఆయన చెప్పిన లెక్కలు ఇవి. నాకు అర్థమైనట్టు రాస్తున్నా.

ముందు ఫోన్ సంగతి. ఫోన్‌తో రాదని కాదు. కానీ మరీ దగ్గరికి పెడితే చాలా ఫోన్లు తమంతట తామే వెడల్పు లెన్స్‌కి మారతాయి. గుండ్రటి బిళ్ళ అంచుల్లో సాగుతుంది, ఫోన్ నీడ దాని మీదే పడుతుంది. పైగా ఫోన్ లోపలి సాఫ్ట్‌వేర్ బొమ్మని తానే చెక్కుతుంది, లేని గరుకు చూపిస్తుంది. ఫోన్ తప్ప వేరే దారి లేనివాళ్ళు కొంచెం దూరంగా, ఏదైనా స్టాండ్ మీద పెట్టి, రెండింతలో మూడింతలో జూమ్ చేసి, టైమర్‌తో తీయండి. తమ్ముడి ఫోటోల కంటే పది రెట్లు మేలుగా వస్తుంది.

జేబులో పట్టే చిన్న కెమెరాల్లో మాక్రో బాగా చేసేవి ఉన్నాయి. ఒలింపస్ టఫ్ టీజీ వరస అందుకే పేరు పొందింది, ఒక సెంటీమీటర్ దగ్గర కూడా ఫోకస్ అవుతుంది. పురుగులకి, పువ్వులకి అద్భుతం. నాణేనికి ఆ దగ్గరితనమే చిక్కు. లెన్స్ మీదికి వచ్చి కూర్చుంటే వెలుతురు లోపలికి ఎట్లా వస్తది? నాణెం అంటే అద్దం లాంటిది. మనం తీసేది లోహాన్ని కాదు, లోహం మీద పడిన వెలుతురుని.

కాబట్టి కావాల్సింది మాక్రో లెన్స్, అది కూడా నాణేనికి ఎడంగా నిలబడి తీసేది. నలభై ఎంఎం మాక్రోలు చవక, కానీ మరీ దగ్గరికి పోవాలి. అరవై ఎంఎం అయితే నిండు సైజులో తీసినా లెన్స్‌కి, బిళ్ళకి నడుమ తొమ్మిది సెంటీమీటర్ల వరకు ఖాళీ ఉంటుంది. నూరు ఎంఎం అయితే పదిహేను దాకా. ఖాళీ ఎంత ఉంటే దీపం పెట్టడం అంత సులువు.

ఇంకో లెక్క వింటే మీ డబ్బులు మిగులుతాయి. మాక్రో లెన్స్ మీద 1:1 అని ఉంటే వస్తువు ఎంత ఉందో సెన్సర్ మీద బొమ్మ అంతే పడుతుందని అర్థం. మామూలు కెనన్ రెబెల్ సెన్సర్ సుమారు 22 మి.మీ. వెడల్పు, 15 మి.మీ. ఎత్తు. క్వార్టర్ 24 మి.మీ. పైచిలుకు, నిజాం రూపాయి సుమారు 30. అంటే నిండు సైజులో తీస్తే బిళ్ళ ఫ్రేమ్‌లో పట్టనే పట్టదు, సగం సైజు చాలు. 1957లో వచ్చిన నయా పైసా 16 మి.మీ., దానికి మాత్రమే దాదాపు నిండు సైజు కావాలి. కాబట్టి సగం సైజు దాకా పోయే పాత మాన్యువల్ లెన్సులు కూడా మనకి పనికొస్తాయి. ఫిల్మ్ కాలం నాటి నికాన్ 55 ఎంఎం మైక్రో అట్లాంటిదే. ఆటో ఫోకస్ లేదని చవగ్గా ఇస్తారు. కదలని నాణేనికి ఆటో ఫోకస్ ఎందుకు?

మెగాపిక్సెల్స్ విషయానికొస్తే, పద్దెనిమిది ఉంటే ఫోటో ఎత్తు 3,456 పిక్సెళ్ళు. బిళ్ళ ఫ్రేమ్ నిండా ఉంటే చాలు, పుస్తకంలో అచ్చు వేసుకోవచ్చు. నేను కొన్నది పాతదే. 2011లో వచ్చిన కెనన్ రెబెల్ టీ3ఐ, మన దగ్గర 600డీ అంటారు. అది ఎంచుకోవడానికి రెండు కారణాలు. ఒకటి, స్క్రీన్ బయటికి తిరుగుతుంది. కెమెరాని కిందికి వేలాడదీసి తీసేటప్పుడు మెడ విరుచుకోనక్కర్లేదు. రెండోది, కెనన్ వాళ్ళ ఈఓఎస్ యుటిలిటీ ఉచితం. కేబుల్ పెడితే లాప్‌టాప్ మీద పెద్దగా చూస్తూ ఫోకస్ చేసుకోవచ్చు, అక్కడి నుంచే క్లిక్ కొట్టొచ్చు. కెమెరాని ముట్టుకోకపోతే కదలదు.

కొనడానికి మెట్రోపార్క్‌లో ట్రైన్ ఎక్కి న్యూయార్క్ పెన్ స్టేషన్ వెళ్ళా. అక్కడి నుంచి నడిచిపోయే దూరంలో, నైన్త్ అవెన్యూలో బీ అండ్ హెచ్ ఉంది. వాడిన సామాను కూడా చూసి కొనుక్కోవచ్చు. శనివారం వాళ్ళకి సబ్బాత్, షాపు మూసి ఉంటుంది, శుక్రవారం కూడా త్వరగా కట్టేస్తారు. మన శనివారం సెలవు అక్కడ పనికిరాదని అన్న ముందే చెప్పాడు కాబట్టి ఆదివారం వెళ్ళా. జేబులో క్వార్టర్ ఒకటి పెట్టుకుపోయి, కౌంటర్ మీదే తీసి చూసుకున్నా. తల మీద పట్టాల మీద సామాను డబ్బాలు పోతూ ఉంటే చిన్నపిల్లాడి లెక్క చూస్తూ నిలబడ్డా. బాడీ, 60 ఎంఎం మాక్రో కలిపి 370 డాలర్లు. మొదటి కిట్‌లో సగం కూడా కాదు.

ఇంక కెమెరా కంటే ముఖ్యమైనవి మూడు. స్టాండ్, వెలుతురు, ఓపిక.

నడిమి రాడ్ తిరగేసి పెట్టగలిగే ట్రైపాడ్ ఒకటి కొన్నా. కెమెరా కాళ్ళ మధ్య తలకిందులుగా వేలాడుతూ నేలని చూస్తుంది. నిట్టనిలువుగా చూస్తోందో లేదో తెలుసుకోవడానికి ఒక ఉపాయం. నాణెం పెట్టేచోట చిన్న అద్దం పెట్టండి. స్క్రీన్‌లో లెన్స్ తన ముఖం తాను చూసుకుంటుంది. అది సరిగ్గా నడుమ కనిపిస్తే కెమెరా సమంగా ఉన్నట్టు. పక్కకి ఉంటే బిళ్ళ కోడిగుడ్డు లెక్క వస్తది.

ఫ్లాష్ మరిచిపోండి. రెండు దీపాలు, ఒకే రకం బల్బులు. గడియారంలో పది, రెండు ఉండేచోట, కొంచెం ఎత్తుగా. గదిలో మిగతా లైట్లు ఆర్పేసి, కిటికీకి దుప్పటి కట్టి, తెల్ల కాగితం పెట్టి వైట్ బ్యాలెన్స్ చూసుకోవాలి. లేకపోతే రాగి ఇత్తడిలా, వెండి సీసంలా కనిపిస్తుంది. ఎఫ్/8 దగ్గర తియ్యండి. ఇంకా అంకె పెంచితే అంతా ఫోకస్‌లో ఉంటుంది అనుకుంటాం గానీ, ఎఫ్/22 దగ్గర బొమ్మ మొత్తం మెత్తబడుతుంది. దీపం కిందికి దించితే గీతలు, గరుకు కనపడతాయి. పైకి ఎత్తితే మెరుపు కనపడుతుంది. ఊరికి పోయేవాళ్ళు ఇక్కడి దీపాలు మోసుకుపోకండి. మన 120 వోల్టుల బల్బు అక్కడి 230కి టప్పున పోతుంది. నేను అక్కడే కొన్నా. కెమెరా చార్జర్ మాత్రం రెండింటికీ పనిచేస్తుంది, ప్లగ్ మారిస్తే చాలు.

రెండు నెలలు గ్యాస్ స్టేషన్ చిల్లర మీద చేతివాటం కుదుర్చుకున్నా. 1999 న్యూజెర్సీ క్వార్టర్, దాని మీద డెలావేర్ నది దాటుతున్న వాషింగ్టన్ పడవ. ఒకరోజు 1964 డైమ్ దొరికింది, వెండిది. నా జేబులోంచి పది సెంట్లు గల్లాలో వేసి, అది పక్కన పెట్టుకున్నా. పెట్టుకున్నాక గానీ చూసుకోలేదు నేనేం చేశానో. రసీదు కాగితంలో చుట్టి తారీఖు రాశా.

ఇంటికి పోయిన మర్నాడు స్నానం చేసి కూర్చున్నా. అవ్వ ఒక స్టీలు పళ్ళెం తెచ్చి ముందర పెట్టింది. పళ్ళెం నిండా బిళ్ళలు. ధగధగా మెరుస్తున్నాయి.

"ఏందవ్వా ఇది?"

"నువ్వు పెద్ద కెమెరా వట్టుకొస్తున్నవని తమ్ముడు చెప్పిండు గద. నల్లగ మడ్డి మడ్డిగ ఉంటే ఏం మంచిగుంటయి బిడ్డా? చింతపండు, బూడిద వెట్టి తోమిన. సగమే అయినయి. మోకాళ్ళు నొస్తే మిగిలినయి వదిలేసిన."

నాకు నోట మాట రాలేదు. నాణేలు సేకరించేవాళ్ళెవరైనా మొట్టమొదట చెప్పే మాట ఒకటే, పాత నాణేన్ని కడగొద్దు, తోమొద్దు. ఆ నలుపు మురికి కాదు. ఏళ్ళ తరబడి లోహం మీద తనంతట తాను కట్టిన పొర. తోమితే పోతుంది, మళ్ళీ రాదు. దాంతోపాటు విలువ కూడా పోతుంది.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటి. "కాయితాలేవి?" అని అడిగా. తోమడానికి విప్పిన టికెట్లన్నీ ఒక ప్లాస్టిక్ కవర్‌లో వేసి దేవుడి గూట్లో పెట్టింది. అవ్వకి చదువు రాదు. "మీ బాపు రాత గదరా, ఎట్ల వారేస్త" అంది. పారెయ్యలేదు సరే. కానీ ఏ టికెట్ ఏ బిళ్ళదో ఇంక ఎవరూ చెప్పలేరు. అది తెలిసినాయన లేడు.

నేను అరిచా. అబద్ధం ఎందుకు, గట్టిగానే అరిచా. అవ్వ ఏం అనలేదు. పళ్ళెం తీసుకుని లోపలికి పోయింది. ఆ మధ్యాహ్నం అన్నం తినలేదు ఆమె. ఎనిమిది వేల మైళ్ళు వచ్చి నేను చేసిన మొదటి పని అది.

సాయంత్రం నేనే పోయి పళ్ళెం తెచ్చుకున్నా. కిటికీకి దుప్పటి కట్టమంటే అవ్వే పట్టుకుంది. మొత్తం 312 బిళ్ళలు. రెండు వైపులా అంటే 624 ఫోటోలు. రోజుకి ముప్పై బిళ్ళలు. తమ్ముడు బిళ్ళని అంచులు పట్టుకుని తిప్పేవాడు, నేను లాప్‌టాప్ దగ్గర. దీపం కిందికి దించితే అవ్వ తోమిన ప్రతి గీతా స్క్రీన్ మీద కనిపించేది, గుండ్రంగా, గిన్నెల మీద ఉన్నట్టే.

ఉస్మాన్ అలీ ఖాన్ రూపాయి మీద చార్మినార్ నడిమి కమానులో చిన్న అక్షరం ఉంటుంది, ఆయన పేరులోని "ఐన్". కొన్నిటి మీద అది సగమే ఉంటుంది, కొన్నిటి మీద నిండుగా. సేకరించేవాళ్ళకి రెండూ వేర్వేరు రకాలు. మామూలు కంటికి తెలియదు. కెమెరాలో తేలిగ్గా తెలిసింది. అంతకుముందు నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది అయితే అక్కడ "మీమ్" ఉంటుంది. బాపుకి ఉర్దూ వచ్చు. ఆయనకి ఇవన్నీ తెలిసే ఉంటాయి. నేను ఎప్పుడూ అడగలేదు.

తర్వాత టికెట్లు. బాల్‌పెన్ను సిరా చాలావరకు వెలిసిపోయింది. ఉత్త పసుపు కాగితాలు. ఒకటి స్టాండ్ కింద పెట్టి, ఒక దీపం ఆర్పి, రెండోదాన్ని కాగితం పక్కన నేలకి ఆనించినట్టు దించా. సిరా పోయినా పెన్ను ఒత్తిన గాడి పోలేదు. స్క్రీన్ మీద అక్షరాలు నీడల్లా లేచి వచ్చాయి. "14-8-81 జగిత్యాల ధర్మపురి." ఇంకోటి. "వెల్గటూర్ సంత. ముసలామె ఏడ్చింది." బిళ్ళ ఏదో తెలియదు. ఆమె ఎందుకు ఏడ్చిందో కూడా తెలియదు. చెల్లదు అన్నందుకేనేమో. తమ్ముడు చాలాసేపు చూసి, "బాపు రాత గిట్లుండేనా" అన్నాడు. అవ్వ దగ్గరికొచ్చి అడిగింది, ఏం రాసిండు అని. అన్నీ చదివి వినిపించా. రాత్రి పన్నెండు దాటింది.

కరీంనగర్ ఆయన వచ్చాడు. తోమిన బిళ్ళలు చూసి పెదవి విరిచాడు. మొదట చెప్పిన రేటులో మూడో వంతు అన్నాడు. వెండి తూకానికి మాత్రం ఇస్తానన్నాడు. తమ్ముడు నా ముఖం చూశాడు, నేను వాడి ముఖం చూశా. అమ్మలేదు. వాడి అప్పు సంగతి మేమిద్దరం వేరే మాట్లాడుకున్నాం. ఆయన పోయాక అవ్వ అంది, "నేను తోమిన వట్టికే గద ఇంట్ల ఉన్నయి." చాలా రోజుల తర్వాత ఇంట్లో అందరం నవ్వాం.

డబ్బా అక్కడే ఉంది. ఫోటోలు ఇక్కడ, రెండు డిస్కుల్లో. మీరు చూసిన చార్మినార్ రూపాయి తోమనిదే. తోమినవి కూడా పెడతా, దాచను. అవ్వ చేతి గీతలు ఉన్నవి అవి.

కాబట్టి అడిగినవాళ్ళకి నా జవాబు. కెమెరా పాతదైనా సరే, నాలుగు వందల డాలర్ల లోపు చాలు. డబ్బులు లెన్స్ మీద పెట్టండి, టైము వెలుతురు మీద పెట్టండి. ఇవన్నీ వచ్చే నెల కొన్నా ఏం కాదు.

ముందు ఇంటికి ఫోన్ చెయ్యండి. ఊళ్ళో మీ ఇంట్లో కూడా ఏ పెట్టెలోనో, ఏ డబ్బాలోనో అలాంటివి ఉండే ఉంటాయి. కడగొద్దని చెప్పండి. చుట్టిన కాగితం విప్పొద్దని చెప్పండి. అవి ఎక్కడివో, ఎవరిచ్చారో, తెలిసినవాళ్ళు ఇంకా ఉంటే, ఇవాళే అడగండి. మనకి రాత్రి అయితే వాళ్ళకి పొద్దున. చాయ్ తాగుతూ ఉంటారు. ఎత్తుతారు.